సభ జరుగుతోంది, మనం చూస్తున్నామా?

2024 ఏప్రిల్, మే నెలల్లో ఆదివారం ఆరాధన ముగిశాక ఆంధ్రప్రదేశ్‌లో ఏ మందిరం వాకిట నిలబడినా ఒకటే మాట. కొత్త భూమి చట్టం వచ్చిందట, మన పొలాలు మనవి కాకుండా పోతాయట, గొడవ వస్తే కోర్టుకు వెళ్లడానికి కూడా వీల్లేదట. ఒకరి ఫోన్‌లో ఒక వీడియో, పక్కవారి ఫోన్‌లో దానికి పూర్తి విరుద్ధంగా ఇంకో వీడియో. అరెకరం ఉన్న విధవరాలు మొదలుకొని సంఘ స్థలం కాగితాలు దాచే కోశాధికారి వరకు అందరిలోనూ భయమే. ఆ చట్టం ప్రతిని తెరిచి చూసినవారు మాత్రం ఆ గుంపులో ఒక్కరైనా ఉన్నారో లేదో.

చూడాలనుకుంటే చూడగలిగేదే. జనం ల్యాండ్ టైటిలింగ్ యాక్టు అని పిలిచిన ఆ చట్టం ఎన్నికల ముందు హఠాత్తుగా ఊడిపడింది కాదు. 2019లోనే శాసనసభ ఒకసారి బిల్లును ఆమోదించి ఢిల్లీకి పంపింది. అక్కడ అభ్యంతరాలు రావడంతో మార్పులు చేసి 2022లో మళ్లీ ఆమోదించింది. 2023లో రాష్ట్రపతి ఆమోదం దొరికింది. ఆ ఏడాది అక్టోబరు 31 నుంచి అమల్లోకి వచ్చింది. ముందుగా చదివినవారు న్యాయవాదులు. వారు కోర్టు విధులు మాని వారాల తరబడి ఆందోళన చేశారు. మిగిలిన మనకు సంగతి తెలిసేసరికి ఎన్నికల ప్రచారం జోరుమీద ఉంది. ప్రభుత్వం మారింది, 2024 జూలైలో అదే శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేసే బిల్లును ఆమోదించింది.

ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్న తీర్పు ఇక్కడ చెప్పబోవడం లేదు. నీతి ఆయోగ్ తయారుచేసిన నమూనా చట్టం నుంచి వచ్చిన ఆలోచన అది. భూమి హక్కుకు ప్రభుత్వమే పూచీ పడితే తగాదాలు తగ్గుతాయన్నది దాని వెనుక ఉన్న వాదన. హక్కుల నమోదు, మొదటి స్థాయి వివాదాలు అధికారుల చేతికి పోయి, సివిల్ కోర్టుల పాత్ర కుదించుకుపోయి, అప్పీలు నేరుగా హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే పేదవాడి గతి ఏమిటన్నది న్యాయవాదుల ప్రశ్న. రెండూ ఆలోచించదగిన మాటలే. 2022లో బిల్లు సభలో ఉన్నప్పుడు ఈ రెండు మాటలూ మన మధ్య నడిచి ఉండాల్సింది. అప్పుడు ఎమ్మెల్యేకు ఒక ఉత్తరం రాసినా దానికి విలువ ఉండేది. 2024 నాటికి అది పార్టీల చేతిలో ఆయుధమైపోయింది. అప్పటికి మనకు మిగిలింది ఏ వీడియోను నమ్మాలన్న తర్జనభర్జన ఒక్కటే.

పక్క రాష్ట్రం సంగతి చూడండి. తెలంగాణలో 2020 సెప్టెంబరులో కొత్త భూమి హక్కుల చట్టం సభకు వచ్చి రోజుల వ్యవధిలోనే ఆమోదం పొందింది. దాని వెంటే ధరణి వచ్చింది. పాత చట్టంలో తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోళ్లను, అంటే సాదా బైనామాలను, క్రమబద్ధం చేసే వీలుండేది. కొత్త చట్టంలో అది లేకుండా పోయింది. లక్షల దరఖాస్తులు అక్కడే ఆగిపోయాయి. మన సంఘాల్లో తాతల నాటి సాదా బైనామా మీద బతుకుతున్న కుటుంబాలు ఎన్ని ఉన్నాయో కాపరులకు తెలుసు. పొలం కౌలుకిచ్చి గల్ఫ్ వెళ్లిన మన పిల్లలు అక్కడి నుంచే ధరణిలో పేరు లేదని ఫోన్లు చేసి ఏడ్చారు. ఒక చిన్న సెక్షన్ మాయమైతే ఇంత జరిగింది.

అదే రాష్ట్రంలో 2024 ఆగస్టులో ప్రభుత్వం కొత్త చట్టం ముసాయిదాను భూ పరిపాలన ప్రధాన కమిషనర్ వెబ్‌సైట్లో పెట్టి, చదివి సలహాలు పంపమని జనాన్ని అడిగింది. బిల్లు సభకు వచ్చింది డిసెంబరులో. అంటే మధ్యలో నెలల సమయం ఉంది. భూ భారతి పేరుతో వచ్చిన ఆ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లో ఉంది. సాదా బైనామాల దరఖాస్తులకు అందులో మళ్లీ దారి దొరికింది. అమలు ఎలా ఉందన్నది వేరే చర్చ. ముసాయిదాను ముందే బయట పెట్టడం మాత్రం మంచి పని, ఏ పార్టీ చేసినా మంచి పనే. అయితే ఆ ముసాయిదా ఫోన్‌లో అందుబాటులో ఉన్న ఆ వారాల్లో మన సంఘాల నుంచి ఎన్ని సలహాలు వెళ్లాయి? ఈ ప్రశ్న మనకు మనమే వేసుకోవాలి.

ఎందుకంటే అన్ని బిల్లులకూ అలాంటి గడువు దొరకదు. చట్టం ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని కేంద్రం 2014లో ఒక విధానం పెట్టుకుంది కానీ అది కేంద్ర మంత్రిత్వ శాఖలకే, రాష్ట్రాలను కట్టిపడేసేది కాదు. రాష్ట్రాల శాసనసభలను గమనించే పీఆర్ఎస్ అనే పరిశోధన సంస్థ ఏటా లెక్కలు వేస్తుంది. ఇటీవలి సంవత్సరాల్లో దేశంలోని శాసనసభలు ఏడాదికి సగటున 20 రోజులు అటూఇటుగా మాత్రమే కూర్చుంటున్నాయని, దాదాపు సగం బిల్లులు ప్రవేశపెట్టిన రోజునో మర్నాడో ఆమోదం పొందుతున్నాయని ఆ లెక్కలు చెబుతున్నాయి. రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లో పెద్ద శాసనసభలు ఏడాదికి కనీసం 90 రోజులు సమావేశం కావాలని సూచించింది. ఆ సూచనకు, నేటి వాస్తవానికి ఎంత దూరమో చూడండి. 175 మంది సభ్యులున్న ఆంధ్రప్రదేశ్ సభకూ, 119 మంది ఉన్న తెలంగాణ సభకూ ఇది వర్తించే మాటే.

ఈ లెక్క తెలిస్తే ఒక సంగతి అర్థమవుతుంది. సభలో బిల్లు పెట్టిన రోజు టీవీ ముందు కూర్చుని అభ్యంతరం ఉందనుకుంటే అప్పటికే ఆలస్యం. బిల్లు కన్నా ముందు మంత్రివర్గ సమావేశం ఉంటుంది. ఫలానా బిల్లుకు మంత్రివర్గం ఆమోదం అని పేపర్లో చిన్న అక్షరాలతో వచ్చే వార్తే మనకు మొదటి గంట. ఆ తర్వాత సమావేశాల తేదీలు ప్రకటిస్తారు. సమావేశాల మొదటి రోజు సభా వ్యవహారాల సలహా కమిటీ, వార్తల్లో బీఏసీ అంటారు, సభ ఎన్ని రోజులు జరగాలో, ఏ రోజు ఏది చర్చించాలో తేలుస్తుంది. రాజ్యాంగం ప్రకారం ఒక సమావేశానికీ మరో సమావేశానికీ మధ్య ఆరు నెలలు మించకూడదు. కాబట్టి ఏడాదిలో కనీసం రెండుసార్లు ఈ అవకాశం తప్పకుండా వస్తుంది.

ఇక చూసేది ఎక్కడ? రెండు రాష్ట్రాల శాసన వ్యవస్థలకూ సొంత వెబ్‌సైట్లు ఉన్నాయి. గూగుల్‌లో ఏపీ లెజిస్లేచర్ అనో, తెలంగాణ లెజిస్లేచర్ అనో కొడితే మొదటి వరుసలోనే కనబడతాయి. సభ్యుల పేర్లు, సభా కార్యక్రమాలు, బిల్లులు, కమిటీలు, సభలో ఎవరేం మాట్లాడారో అక్షరం పొల్లుపోకుండా రాసిన చర్చల పుస్తకాలు అక్కడ దొరుకుతాయి. నిజం చెప్పాలంటే ఆ సైట్లు వాడేవారి ఓపికను పరీక్షిస్తాయి. కొన్ని కాగితాలు ఆలస్యంగా వస్తాయి, కొన్ని ఫొటో తీసిన పుటల్లా ఉంటాయి, వాటిలో పదం వెతకాలంటే కుదరదు. అయినా సభ ఏం చేసిందో చెప్పేందుకు మొదటి సాక్ష్యం అదే. మన యౌవనస్థుల్లో కంప్యూటర్ చదువులు చదివిన ఇద్దరు పిల్లలు గంటసేపు కూర్చుంటే ఏది ఎక్కడుందో తెలిసిపోతుంది.

పీఆర్ఎస్ సైట్లో రాష్ట్రాల బిల్లులు, చట్టాలు విడిగా ఉంటాయి, ప్రతి రాష్ట్రం బడ్జెట్ మీదా నాలుగైదు పేజీల విశ్లేషణ ఉంటుంది. ఇంగ్లిషులోనే, కానీ తేలిక ఇంగ్లిషులో. అమల్లో ఉన్న చట్టాల ప్రతుల కోసం కేంద్రం నడిపే ఇండియా కోడ్ సైట్ ఉంది. ప్రభుత్వ ఖర్చుల మీద కాగ్ ఇచ్చే నివేదికలు శాసనసభ ముందు పెట్టాకే బయటకొస్తాయి. వాటిని కాగ్ సైట్లో రాష్ట్రాలవారీగా చూడవచ్చు. చట్టం కింద వచ్చే నిబంధనలు జీవోల రూపంలో వస్తాయి కనుక జీవోల సైటూ ముఖ్యమే. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను ఆ సైట్లో పెట్టడం ఆపేస్తే మూడేళ్లపాటు సామాన్యులకు ఇబ్బందే అయింది. 2024 ఆగస్టులో మళ్లీ పెట్టడం మొదలైంది. ఆన్‌లైన్‌లో ఉన్న తలుపు ఎవరైనా ఎప్పుడైనా మూసేయగలరని అప్పుడు తెలిసింది. తలుపు మూశారని మొదట గమనించేది రోజూ తట్టేవాడే.

సభ ప్రత్యక్ష ప్రసారం యూట్యూబ్‌లో దొరుకుతుంది. ప్రియ పాఠకులారా, ఒక చిన్న మాట. మనం చూసేది ప్రసారం కాదు, అందులోంచి కోసిన ముక్కలు. ఒక మంత్రి గద్దించిన పదిహేను సెకన్లు, ఒక సభ్యుడు కాగితాలు చింపిన అర నిమిషం. ఆ రోజు ఉదయం గంటసేపు జరిగిన ప్రశ్నోత్తరాల్లో మన జిల్లా ఆసుపత్రి గురించి వచ్చిన జవాబు ఏ గ్రూపులోనూ తిరగదు. ముక్క వీడియో వస్తే తేదీ అడగండి, ఆ రోజు పూర్తి ప్రసారంలో అది ఎక్కడుందో చూడండి. స్పీకర్ రికార్డుల నుంచి తొలగించమన్న మాటలను పదేపదే పంచడం సభా హక్కుల ఉల్లంఘన కిందికి రావచ్చు. సభలో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పేవారికి రాజ్యాంగంలోనే రక్షణ ఉంది. కోసి, అతికించి, వ్యాఖ్య తగిలించేవారికి ఆ రక్షణ దొరుకుతుందనుకోవడం పొరపాటు.

ప్రసారం చూసేవారికి ఖాళీ కుర్చీలు కూడా కనబడతాయి. 2021 నవంబరులో అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని చెప్పి సభ నుంచి వెళ్లిపోయారు. 2024 ఎన్నికల్లో 11 స్థానాలు వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ నాయకుడు జగన్‌మోహన్ రెడ్డి తనకు ప్రతిపక్ష నేత హోదా ఇవ్వలేదని సభకు దూరంగా ఉన్నారు. 2023లో ఓడిన తర్వాత తెలంగాణలో కేసీఆర్ సభలో కనిపించిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎవరి కారణాలు వారివి. అవమానం జరిగిందనేవారి మాటలో కొంత నిజం ఉండవచ్చు. కానీ ఓటరు పంపింది కుర్చీలో కూర్చోమని. ప్రశ్న అడిగేవారు సభలో తగ్గినప్పుడు బిల్లును చదివి ప్రశ్న రాసిచ్చే పౌరుడి అవసరం పెరుగుతుంది. దీన్ని పార్టీ కళ్లద్దాలతో చూడకూడదు. ముగ్గురు నాయకులు, మూడు పార్టీలు, ఒకే అలవాటు.

మన సంఘాలకు బాగా తగిలిన ఇంకో సంగతి తీర్మానానికీ చట్టానికీ తేడా. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. ఆ సాయంత్రానికే ఇక ఎస్సీ సర్టిఫికెట్లు వచ్చేస్తాయన్న సందేశాలు ఫోన్లలో తిరిగాయి. పిల్లల కాలేజీ దరఖాస్తుల కోసం మండల కార్యాలయానికి వెళ్లి అడిగి చిన్నబుచ్చుకుని తిరిగొచ్చినవారు ఉన్నారు. ఆ కాగితాన్ని చదివి ఉంటే అది కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతూ చేసిన తీర్మానమని మొదటి వాక్యంలోనే తెలిసేది. షెడ్యూల్డ్ కులాల జాబితాలో చేర్చాలన్నా తీసేయాలన్నా రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టం చేయాల్సిందే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మతం ఆధారంగా పెట్టిన షరతును 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సడలించింది పార్లమెంటే.

పైగా అది మొదటి తీర్మానం కూడా కాదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో రాజశేఖర రెడ్డి ప్రభుత్వం ఉండగా ఒకటి, 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు ప్రభుత్వం ఉండగా ఒకటి, 2023లో జగన్ ప్రభుత్వం ఉండగా మరొకటి. ముగ్గురు ముఖ్యమంత్రులు, మూడు తీర్మానాలు, ప్రతిసారీ మన సభల్లో సన్మానాలు, శాలువాలు. 1950 ఉత్తర్వు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. సుప్రీంకోర్టులో 2004 నుంచి వ్యాజ్యాలున్నాయి. కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది. తీర్మానం విలువలేనిదని అనడం లేదు. ఒక రాష్ట్రం గొంతు అది, ఢిల్లీలో వాదనకు పనికొస్తుంది. కానీ తీర్మానం చేసిన ఎమ్మెల్యేను అడగాల్సిన ప్రశ్న వేరు, పార్లమెంటులో కూర్చున్న ఎంపీని అడగాల్సిన ప్రశ్న వేరు. మనం పదిహేనేళ్లుగా ఎమ్మెల్యేకు శాలువా కప్పి, ఎంపీని అడగడం మరిచిపోయాం.

దీనికి తలకిందులైన ఉదాహరణ మత మార్పిడి నిరోధక చట్టాలు. వాటి గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఢిల్లీ వైపు చూస్తారు. కానీ ఒడిశాలో 1967లో, మధ్యప్రదేశ్‌లో 1968లో, మొన్న 2025 సెప్టెంబరులో రాజస్థాన్‌లో ఆ చట్టాలు చేసింది రాష్ట్ర శాసనసభలే. శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్రాల చేతిలో ఉన్న అంశాలు. ఒడిశాలో పనిచేసే మన తెలుగు సువార్తికులు తమకు వర్తించే చట్టం భువనేశ్వర్‌లో తయారైందని తెలుసుకుని, ఆ ప్రతిని చదివి ఉంచుకోవడం వారికే మేలు. ఏ విషయం ఏ సభ చేతిలో ఉందో తెలియకపోతే ప్రార్థన మనవి చేసినంత సులువుగా వినతిపత్రమూ ఇచ్చేస్తాం, అది తప్పు గుమ్మంలో పడి ఉంటుంది.

డబ్బు సంగతికి వస్తే ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం గురించి ఎన్ని మాటలు నడిచాయో చెప్పనక్కర్లేదు. ఆ డబ్బు ప్రభుత్వం నుంచి తీసుకోవడం సరైనదేనా అన్న ప్రశ్న మన పత్రికల్లోనే చాలాసార్లు వచ్చింది, ఇంకా తెగలేదు. అది అలా ఉంచి, వస్తుందా రాదా అన్నది తెలుసుకునే చోటు బడ్జెట్ పుస్తకం. 2025-26కు ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3.22 లక్షల కోట్లు, తెలంగాణ బడ్జెట్ 3.04 లక్షల కోట్లు దాటింది. ఇంత పెద్ద అంకెలో మన పద్దు ఎక్కడుంది? ఆర్థిక శాఖ సైట్లో శాఖలవారీ పద్దుల పుస్తకాలు పెడతారు. మైనారిటీ సంక్షేమం కింద వెతికితే ప్రతి పద్దుకూ ఎదురుగా మూడు రకాల అంకెలు కనబడతాయి. నిజంగా ఖర్చయినది, ఈ ఏటి సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా. ప్రసంగంలో మంత్రి చదివేది మూడోది. కాలేజీ పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్ అయినా, శ్మశానాల ప్రహరీ అయినా నిజం చెప్పేది మొదటిది. కేటాయింపు వంద, ఖర్చు ముప్ఫై అయితే అడగాల్సింది మరో వంద కాదు, మిగిలిన డెబ్భై ఏమైందని.

ఆ పద్దుల మీద సభలో చర్చ జరగాలి. అన్నింటికీ సమయం చాలదు. చివరి రోజు మిగిలినవన్నీ కలిపి ఒకేసారి ఓటుకు పెడతారు, దాన్నే గిలెటిన్ అంటారు. మైనారిటీ సంక్షేమం పద్దు చర్చకు వచ్చిందా, గిలెటిన్‌లో పోయిందా అన్నది ఆ ఏటి సభా కార్యక్రమాల కాగితం చూస్తే తెలుస్తుంది.

ఇంతవరకు చూడటం గురించి. ఇక అడగటం. ఒక సంగతి తీసుకుందాం, దాదాపు ప్రతి ఊరి సంఘానికీ ఉన్నదే. శ్మశాన స్థలం లేదు. ఉన్నది వాగు ఒడ్డున, వానాకాలం దారి ఉండదు. రెవెన్యూ రికార్డుల్లో అది శ్మశానమని ఉండదు, ఎవరో ఆక్రమించుకుంటూ వస్తున్నారు. దేహాన్ని ఇంట్లో పెట్టుకుని పెద్దలు కబురు మీద కబురు పంపుకున్న రోజులు చాలామంది కాపరులకు అనుభవమే. మామూలుగా మనం చేసేది ఏమిటి? క్రిస్మస్ సెమీ క్రిస్మస్ సభకు ఎమ్మెల్యేగారిని పిలిచి, కేకు కోయించి, మైకులో మా శ్మశాన సమస్య తీర్చండి సార్ అంటాం. చేద్దాం అంటారు. మాట అక్కడే ఆగిపోతుంది.

అదే మాట సభలో ప్రశ్నగా మారితే దాని రూపమే వేరు. మంత్రిగారు దయతో ఈ క్రింది విషయములు తెలియజేయుదురా అంటూ మొదలయ్యే ఆ ప్రశ్నల కాగితం ఒకటి తెరిచి చూడండి. ఫలానా మండలంలో క్రైస్తవులకు శ్మశాన స్థలములు లేని గ్రామములున్న మాట వాస్తవమేనా, అయినచో, అట్టి గ్రామములెన్ని, స్థల కేటాయింపునకు ప్రభుత్వము తీసుకొనుచున్న చర్యలేవి, లేనిచో, కారణములేవి. ఇలా నాలుగు ముక్కలు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు. రెండింటికీ శాఖ కింది స్థాయి నుంచి సమాచారం తెప్పించుకోవాలి. అంటే మన తహసీల్దారు ఒక కాగితం మీద అవునో కాదో రాయక తప్పదు. ఆ జవాబు రికార్డులో ఉండిపోతుంది. రేపు కోర్టుకైనా కలెక్టరుకైనా చూపించవచ్చు.

కాబట్టి ఎమ్మెల్యేకు రాసేటప్పుడు మా సమస్య పరిష్కరించగలరు అని కాక, ఈ ప్రశ్నను సభలో వేయగలరా అని రాయాలి. ప్రశ్నను రాసే పని కూడా మనమే చేసి ఇవ్వాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, ఇంతకుముందు ఇచ్చిన అర్జీ తేదీ ఉంటే ఇంకా బలం. వాట్సాప్‌లో ఫొటో పంపి ఊరుకోకుండా ఈమెయిల్, లేదా చేతికిచ్చి రసీదు. ఒకే మాటను రెండు వందల మంది అదేపనిగా పంపడం కన్నా సంఘ పెద్దలు, ఊళ్లోని ఇతరులు కలిసి సంతకాలు చేసిన ఒక్క ఉత్తరం ఎక్కువ పనిచేస్తుంది. శ్మశానం లేని ఇబ్బంది మనకే కాదు, పక్క పేటలోని ముస్లింలకూ, ఎస్సీ కాలనీలోని హిందువులకూ ఉంటుంది. వారినీ కలుపుకుంటే ప్రశ్న మతం ప్రశ్న కాకుండా ఊరి ప్రశ్న అవుతుంది.

మన ఎమ్మెల్యే మంత్రి అయితే ఆయన ప్రశ్న వేయలేరు, జవాబు చెప్పేవారిలో ఒకరు కదా. అప్పుడు పక్క నియోజకవర్గం సభ్యుడినో, శాసన మండలి సభ్యుడినో అడగాలి. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 మంది, తెలంగాణ మండలిలో 40 మంది ఉన్నారు. మండలిలో ఉపాధ్యాయుల స్థానాలు, పట్టభద్రుల స్థానాలు ఉన్నాయి. మిషన్ పాఠశాలల్లో పనిచేసి రిటైరైన టీచర్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఓటు వేసేటప్పుడు మాత్రమే గుర్తుకొచ్చే ఆ ఎమ్మెల్సీని ఇలాంటి పనికి అడగాల్సింది వారే. శాసనసభల్లో ఒకప్పుడు ఆంగ్లో ఇండియన్ నామినేటెడ్ సభ్యుడు ఒకరు ఉండేవారు, క్రైస్తవుల మాట వారి నోటి నుంచి కొంత వినబడేది. 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరి నుంచి ఆ స్థానం లేదు. ఇప్పుడు మన మాట సభకు చేరాలంటే మనం ఓటేసిన మామూలు సభ్యుల ద్వారానే.

ప్రశ్నలకు కొన్ని రోజుల ముందుగా నోటీసు ఇవ్వాలి, వచ్చినవాటిలోంచి ఎంపిక జరుగుతుంది. సభ మొదలయ్యాక ఉత్తరం పట్టుకెళితే జీరో అవర్‌లో ఒక నిమిషం ప్రస్తావించడం తప్ప ఆయన చేయగలిగేది పెద్దగా ఉండదు. పిటిషన్ల కమిటీ అని ఇంకో దారి ఉంది. ఒక పౌరుడి వినతిని సభ్యుడు సభ ముందు పెడితే ఆ కమిటీ పరిశీలించవచ్చు. ప్రభుత్వ హామీల కమిటీ అని మరొకటి ఉంది, దీన్ని మనవాళ్లు అసలు పట్టించుకోరు. సభలో మంత్రి లేచి పరిశీలిస్తాం, చర్య తీసుకుంటాం అన్న మాటలు నెరవేరాయో లేదో చూసే పని దానిది. సెమీ క్రిస్మస్ సభలో ఇచ్చిన మాటను ఏ కమిటీ చూడదు. సభలో అన్నమాటను చూస్తుంది. ప్రశ్నకు జవాబు వచ్చిన రోజు ఆ చర్చల పుటను డౌన్‌లోడ్ చేసి సంఘం ఫైల్లో పెట్టుకుంటే, ఆరు నెలల తర్వాత రాసే రెండో ఉత్తరానికి అదే ఆధారం.

ఇలా రాజకీయాలు మందిరంలోకి తేవడమేనా అని అడిగే పెద్దలు ఉంటారు. వారి జంకు అర్థం చేసుకోదగిందే, ఎన్నికలప్పుడు పార్టీ కండువాలు మందిరం మెట్లెక్కిన చేదు జ్ఞాపకాలు చాలా చోట్ల ఉన్నాయి. అందుకే ఈ పని ప్రసంగ వేదిక మీద చేసేది కాదు. బిల్లు చదవడానికి పార్టీ అక్కర్లేదు. వారంలో ఒక సాయంత్రం యౌవనస్థుల కూడిక తర్వాత అరగంట, ఆ వారం సభలో ఏం జరిగిందో ఒకరు చదివి చెబితే చాలు. అందులో అధికార పక్షం వారిని, ప్రతిపక్షం వారిని ఇద్దరినీ కూర్చోబెట్టండి. ఒకరు చెప్పిన తప్పును మరొకరు ఊరుకోరు కాబట్టి లెక్క సరిగ్గా ఉంటుంది.

రెండు రాష్ట్రాల్లోనూ బడ్జెట్ సమావేశాలు మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. శ్మశాన స్థలం సర్వే నంబరు, పాత అర్జీల నకళ్లు డిసెంబరులో సిద్ధం చేసుకుని, ప్రశ్న రాసిన ఉత్తరాన్ని జనవరి మొదటి వారంలో చేర్చాలి. కొత్త సంవత్సరపు శుభాకాంక్షలు చెప్పడానికి ఎలాగూ ఎమ్మెల్యేగారి ఇంటికి వెళతాం. ఈసారి బొకేతోపాటు ఆ కాగితమూ తీసుకెళ్లండి, రసీదు అడిగి తెచ్చుకోండి.